రాష్ట్రం లెక్కలు, మన బజారు గిరాకీ: నెలకో పేజీ రాసుకునే పద్ధతి

ఖమ్మం కమాన్ బజార్‌లో పంతొమ్మిదేళ్లుగా దుకాణాల లెక్కలు చూస్తున్నాను. మొదట్లో వ్యాట్ రిటర్నులు, 2017 జులై 1 నుంచి జీఎస్టీ. ఇప్పుడు నా చేతిలో నలభై రెండు ఖాతాలున్నాయి. బట్టలు, స్టీలు సామాన్లు, టీవీలు ఫ్రిజ్‌లు, ఫ్యాన్సీ, రెండు మందుల షాపులు, ఒక ఎరువుల కొట్టు.

2025 మే మొదటి వారంలో ఒక రెడీమేడ్ షాపాయన పేపరు పట్టుకుని వచ్చాడు. "ఏప్రిల్లో జీఎస్టీ 2.37 లక్షల కోట్లట మేడం, ఇంతకుముందు ఎప్పుడూ రానంత. జనం దగ్గర డబ్బులున్నాయి. వైరా రోడ్డులో రెండో షాపు తీసుకుంటున్నా" అన్నాడు. అప్పటికే ఆరు లక్షలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. ఏప్రిల్లో వసూలయ్యేది మార్చి వ్యాపారం మీది పన్ను. మార్చిలో కంపెనీలన్నీ బిల్లులు పూర్తి చేసి ఏడాది లెక్క ముగిస్తాయి. అందుకని మామూలుగా ఏప్రిల్ వసూలే ఏడాదిలో పెద్దది. ఈ మాట చెప్పేసరికి ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. దీపావళి దాటాక ఆ షాపు మూసేశాడు. అడ్వాన్సులో సగం తిరిగొచ్చింది.

ముందే వచ్చి ఉంటే అరగంటలో చూపించేదాన్ని కదా అనే బాధ నన్ను వదల్లేదు. అందుకని అప్పటినుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి, నెలకో పేజీ చొప్పున రాష్ట్రం లెక్కలూ మా బజారు లెక్కలూ పక్కపక్కన రాస్తున్నాను. షాపు పెట్టాలనుకునేవాళ్లు, ఉద్యోగం మానేసి సొంతూరు రావాలనుకునే పిల్లలు ఎవరైనా ఈ పేజీ రాసుకోవచ్చు. పెద్ద చదువు అక్కర్లేదు, నెలకు గంటన్నర ఓపిక చాలు.

పేజీని నాలుగు గడులు చేయండి: పన్ను, పేరోల్, సర్వే, మన బజారు. "చిల్లర అమ్మకాలు" అనే గడి లేదేమని అడుగుతారేమో. అమెరికాలో సెన్సస్ బ్యూరో నెలనెలా చిల్లర అమ్మకాల లెక్క ఇస్తుంది. మన దగ్గర ఫలానా రాష్ట్రంలో ఈ నెల దుకాణాల అమ్మకాలు ఇంత అని చెప్పే సర్కారు లెక్క లేదు. పన్నును బట్టి మనమే ఊహించుకోవాలి. పొరపాట్లన్నీ ఆ ఊహించుకోవడంలోనే జరుగుతాయి.

పన్ను గడి

ప్రతి నెలా 1వ తేదీన జీఎస్టీ పోర్టల్లో వసూళ్ల పట్టిక పెడతారు. అందులో రాష్ట్రాలవారీగా రెండు పట్టికలుంటాయి. పేపర్లు ఎక్కువగా రాసేది మొదటిది, ఆ రాష్ట్రంలో కట్టిన మొత్తం పన్ను. మీరు రాసుకోవాల్సింది రెండోది. అందులో రాష్ట్రం లోపలి అమ్మకాల మీద రాష్ట్రానికి నేరుగా వచ్చిన ఎస్‌జీఎస్టీ, రాష్ట్రం దాటే సరుకు మీద వేసే ఐజీఎస్టీ సర్దుబాటులో దక్కిన వాటా కలిపి ఉంటాయి.

ఎందుకో మా ఊరి ఉదాహరణతోనే చెబుతాను. మా బట్టల షాపులవాళ్లు విజయవాడ వస్త్రలత నుంచి సరుకు తెస్తారు. సరుకు రాష్ట్రం దాటింది కాబట్టి అక్కడి హోల్‌సేల్ వ్యాపారి ఐజీఎస్టీ వేస్తాడు. ఆ పన్ను ఆంధ్రప్రదేశ్ లెక్కలో పడుతుంది. ఆ బట్ట ఖమ్మంలో అమ్ముడైనప్పుడు మా షాపాయన సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అంటే ఇన్‌పుట్‌ను సర్దుకుని, తన లాభం మీద పడే కొద్దిపాటి పన్నే కడతాడు. కొన్నది మధిర నుంచి వచ్చిన తల్లి, కట్టుకున్నది ఆమె కూతురు, కానీ మొదటి పట్టికలో పన్ను ఎక్కువభాగం ఆంధ్ర వైపే కనిపిస్తుంది. జీఎస్టీ వాడకం జరిగిన రాష్ట్రానికి చెందాలి కాబట్టి తర్వాత తెలంగాణ వాటా తెలంగాణకు బదిలీ అవుతుంది. అది చేరేది రెండో పట్టికలో. అప్పుడప్పుడు కేంద్రం ఐజీఎస్టీని ఒకేసారి గంపగుత్తగా సర్దుతుంది. ఒక నెల అంకె ఉన్నట్టుండి ఎగిరితే, అమ్మకాలు పెరిగాయనే ముందు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

తర్వాత చూసుకోవాల్సింది నెల. అక్టోబరులో అమ్మిన సరుకుకు పన్ను లెక్క చూపి కట్టే త్రీబీ రిటర్ను నవంబరు 20న వేస్తాం. అది నవంబరు వసూలుగా డిసెంబరు 1న బయటికొస్తుంది. కాబట్టి పేజీ మీద "నవంబరు వసూలు" అని రాసి, కింద "అక్టోబరు అమ్మకం" అని తప్పకుండా రాయండి. నేనైతే ఎర్ర పెన్నుతో రాస్తాను.

చిన్న దుకాణాల లెక్క ఇంకా ఆలస్యం. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు. నా ఖాతాల్లో చాలామంది అలాంటివాళ్లే. మొదటి రెండు నెలలు చలాన్ మీద డబ్బు కట్టాలి కదా, అప్పుడు చాలామంది "పోయిన మూడు నెలల్లో నగదుగా కట్టినదాంట్లో 35 శాతం" అనే దారి పట్టుకుంటారు. అంటే అక్టోబరు, నవంబరు నెలలకు వాళ్లు కట్టింది జులై, ఆగస్టు, సెప్టెంబరు గిరాకీకి నీడ మాత్రమే. దసరా ఎలా జరిగిందో నిజంగా చెప్పే రిటర్ను జనవరి 22న పడుతుంది, అంకె ఫిబ్రవరి 1న వస్తుంది. మామూలు లెక్క బదులు టర్నోవరు మీద 1 శాతం కట్టే కంపోజిషన్ వాళ్లూ మూడు నెలలకోసారే. అసలు రిజిస్ట్రేషనే లేనివాళ్లు ఇక ఏ లెక్కలోనూ లేరు. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ గీత 20 లక్షలే. ఒకే సైజు కిరాణా కొట్టు తిరువూరులో లెక్కకు రాదు, సత్తుపల్లిలో వస్తుంది. అందుకని రెండు రాష్ట్రాల అంకెలు పక్కపక్కన పెట్టి పోటీ పెట్టకండి. ఒక రాష్ట్రాన్ని దాని పోయిన ఏడాదితోనే పోల్చండి.

ఆ పోలిక కూడా ఒక నెలకు ఒక నెల పెడితే దెబ్బతింటారు. దసరా 2024లో అక్టోబరు 12, 2025లో అక్టోబరు 2. పండగ కొనుగోళ్లు ఒక ఏడాది అక్టోబరులో పడితే, మరో ఏడాది చాలావరకు సెప్టెంబరులో పడ్డాయి. 2023లో అధిక శ్రావణం వచ్చి జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా పెళ్లిళ్లు లేవు. 2024 మే, జూన్ నెలలు మౌఢ్యంలో పోయాయి, మా వెండి, స్టీలు సామాన్ల షాపులు బోసిపోయాయి. మరుసటి ఏడు అవే నెలల్లో ముహూర్తాలు ఉంటే అంకె పెరిగినట్టు కనిపిస్తుంది, అది జనం చేతిలో డబ్బు పెరిగినందుకు కాదు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, దసరా అక్టోబరు 20న. అందుకే నా పేజీ పైన మూలకు ఆ నెల ముహూర్తాలు ఉన్నాయో లేవో రాస్తాను. గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు ఈ పనిలో ఏ వెబ్‌సైటుకూ తీసిపోదు. పండగకు అటూ ఇటూ నెలలు కూడా వచ్చేలా, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అన్నట్టు, మూడేసి నెలల అమ్మకం కలిపి, పోయిన ఏడు అవే మూడు నెలల మొత్తంతో పోల్చండి. పండగ ఇటు జరిగినా అటు జరిగినా ఆ మూడు నెలల్లోనే పడుతుంది.

ఇక రేట్ల మార్పు. 2025 సెప్టెంబరు 22న చాలా వస్తువుల పన్ను తగ్గింది. 32 అంగుళాలు దాటిన టీవీ 28 శాతం నుంచి 18కి వచ్చింది. పన్ను కాకుండా 30,000 రూపాయల టీవీ అనుకోండి. ముందు 8,400 పన్ను, ఇప్పుడు 5,400. వంద టీవీలు అమ్మిన షాపు నూట ముప్పై అమ్మినా పన్ను 8.40 లక్షల నుంచి 7.02 లక్షలకు పడిపోతుంది. అమ్మకం 30 శాతం పెరిగింది, వసూలు 16 శాతం తగ్గింది. రెడీమేడ్ బట్టల్లో తిరకాసు ఇంకొకటి. 2,000 రూపాయల డ్రెస్సు మీద 12 శాతం ఉన్నది 5కి దిగితే, 3,000 రూపాయల డ్రెస్సు మీద 12 ఉన్నది 18కి ఎక్కింది. పైగా ఆ సెప్టెంబరులో జనం 22వ తేదీ దాకా ఆగి కొన్నారు, ముందు మూడు వారాలు టీవీల షాపుల్లో ఈగలు తోలుకున్నారు. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న పన్ను అంకెలను నేను పోల్చను. ఆ ఏడాదికి మాత్రం షాపుల కౌంటర్ సేల్ లెక్కనే నమ్మాను.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నా ఖాతాల్లో మూడు గోడౌన్లు మునిగాయి. తడిసిపోయిన సరుకు మీద అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ వెనక్కి కట్టాలి, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అదే చెబుతుంది. సరుకు పోయినవాడు దాని మీద పన్ను మళ్లీ తన జేబులోంచి కట్టాడు. అవతల ఇళ్లు మునిగినవాళ్లు మంచాలు, పరుపులు, గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు అప్పు తెచ్చి కొన్నారు. రెండూ కలిసి ఆ నెలల్లో మా వీధి నుంచి ఖజానాకు వెళ్లిన పన్ను పెరిగింది. నా చేతులతోనే ఆ చలాన్లు కట్టాను. పన్ను అంకె పెరిగిందని ఎవరైనా సంబరపడితే నాకు ఆ పరుపులే గుర్తొస్తాయి. మీ పేజీలో "ఈ నెల ఊళ్లో ఏం జరిగింది" అని ఒక్క లైను రాయండి. రెండేళ్ల తర్వాత తిరగేసినప్పుడు ఆ లైను లేకపోతే అంకెలు అర్థం కావు.

పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలో లేవు. వాటి లెక్క కావాలంటే సర్కారు ఖాతాలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైటులో ప్రతి రాష్ట్రానికీ నెలవారీ ముఖ్య సూచికలు పెడతారు, అమ్మకం పన్ను, ఎక్సైజు, రిజిస్ట్రేషన్ల రాబడి విడివిడిగా ఉంటాయి. ప్లాట్ల రిజిస్ట్రేషన్లు పడిపోయిన నాలుగైదు నెలలకు మా దగ్గర ఫర్నిచర్, ఎలక్ట్రికల్ సామాన్ల గిరాకీ తగ్గడం చూశాను, కాబట్టి రిజిస్ట్రేషన్ల రాబడి ఒక్కటి నేను తప్పకుండా రాసుకుంటాను.

పేరోల్ గడి

ఈపీఎఫ్‌ఓ (ఉద్యోగుల పీఎఫ్ చూసే సంస్థ) 2018 ఏప్రిల్ నుంచి నెలనెలా పేరోల్ లెక్క, అంటే పీఎఫ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్లారనే లెక్క ఇస్తోంది. రెండు నెలల ఆలస్యంతో, సాధారణంగా నెల మూడో నాలుగో వారంలో వస్తుంది. అందులో "నికరంగా చేరినవాళ్లు" అంటే కొత్తగా చేరినవాళ్లకు, మానేసి మళ్లీ చేరినవాళ్లను కలిపి, వెళ్లిపోయినవాళ్లను తీసేస్తే మిగిలే సంఖ్య. పేపరు హెడ్డింగు దాన్నే "కొత్త ఉద్యోగాలు" అంటుంది. అది తప్పు.

నా ఖాతాలోని ఒక పెద్ద బట్టల షాపులో చాలా ఏళ్లు రిజిస్టరులో పంతొమ్మిది మందే ఉండేవారు. ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది కదా. ఇంకో అమ్మాయిని తీసుకున్న నెలలో పీఎఫ్ కోడ్ తీసుకున్నాం. నేను వేసిన మొదటి నెలవారీ పీఎఫ్ లెక్క ఈసీఆర్‌లో ఇరవై మంది ఎక్కారు, వాళ్లలో దాదాపు అందరూ జీవితంలో మొదటిసారి పీఎఫ్ చూసినవాళ్లు. రాష్ట్రం లెక్కలో ఇరవై పెరిగాయి. నిజంగా వచ్చిన ఉద్యోగం ఒక్కటి. ఆ పందొమ్మిది మందికి పీఎఫ్ రావడం చిన్న విషయం కాదు. ఒకామె పాస్‌బుక్ ఫోన్‌లో చూసుకుని "నా పేరు మీద డబ్బులా అక్కా?" అని రెండుసార్లు అడిగింది. కానీ అది వేరే మంచి, ఉద్యోగాలు పెరగడం వేరు. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 వరకు వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద మొదటిసారి చేరేవాళ్లకు 15,000 దాకా, యజమానికి ఒక్కొక్కరికి నెలకు 3,000 దాకా ఇస్తారు. ఈ రెండేళ్లలో పాతవాళ్లను రిజిస్టరులోకి ఎక్కించడం పెరుగుతుందని గుర్తుపెట్టుకుని ఆ అంకెలు చదవండి.

అందుకని మొత్తం అంకె పక్కన పెట్టి 18-25 వయసువాళ్లలో కొత్తగా చేరినవాళ్లెంతమందో రాసుకోండి. చదువు ముగించి పనిలోకి వచ్చేవాళ్లు అందులో కనిపిస్తారు. తాజా నెల అంకె తర్వాత మారుతుంది, కాబట్టి పెన్సిల్‌తో రాయండి. మూడు నెలలకు సవరించిన అంకె చూసి పెన్నుతో దిద్దండి.

రంగాల పట్టికలో "వ్యాపార, వాణిజ్య సంస్థలు" అనే వరుస ఉంటుంది. దుకాణాల ఉద్యోగాలన్నీ అందులో ఉంటాయనుకోకండి. మాల్‌లో గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ, సరుకు సర్దే కుర్రాళ్లు, బిల్లింగు అమ్మాయిలు కొందరు ఏజెన్సీ ద్వారా వస్తారు. వాళ్లు "ఎక్స్‌పర్ట్ సర్వీసెస్" అనే వరుసలో పడతారు, మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టర్లంతా అందులోనే ఉంటారు. ఆ వరుస ప్రతి నెలా ఎందుకంత పెద్దదిగా ఉంటుందో ఇప్పుడర్థమవుతుంది. ఇంకొన్ని గొలుసు షాపులు అందరికీ హెడ్డాఫీసు కోడ్ మీదే కడతాయి. ఆఫీసు బెంగళూరులో ఉంటే మన ఊళ్లో పనిచేసే అమ్మాయి కర్ణాటక లెక్కలో ఉండొచ్చు. నా నలభై రెండు ఖాతాల్లో పీఎఫ్ ఉన్నవి మూడే. పది మంది ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, వస్తుంది కాబట్టి అది ఏడింటికి ఉంది. మిగతావాళ్ల జీతాలు చీటీ మీద, కవరులో.

సర్వే గడి

ఆ కవరు జీతాలవాళ్లు కనిపించేది ఉద్యోగాల మీద కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలో. ఇంటింటికీ వెళ్లి అడిగే సర్వే ఇది, 2017లో మొదలైంది, 2025 నుంచి నెలనెలా కూడా ఫలితాలిస్తున్నారు. నెల ఫలితం దేశానికి మాత్రమే. రాష్ట్రం అంకె కావాలంటే మూడు నెలల నివేదిక, వార్షిక నివేదిక చూడాలి.

నిరుద్యోగ రేటు ఒక్కటి చూసి ఆగకండి. వారం లెక్కలో, ఆ ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా గంటసేపు పనిచేస్తే పని ఉన్నట్టే. మధ్యాహ్నం భర్త భోంచేసి నడుము వాల్చినప్పుడు కిరాణా కొట్టు గల్లా దగ్గర కూర్చునే భార్యకు ఒక్క రూపాయి జీతం లేకపోయినా ఆమె "కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు", అంటే ఉద్యోగి. ఆమె పనిని పని అని గుర్తించడం న్యాయమే. కానీ ఆ సంఖ్య పెరిగితే బజారులో కొనేవాళ్లు పెరిగినట్టు కాదు. మీరు చూడాల్సింది నెల జీతం వచ్చేవాళ్ల వాటా. అది పెరిగితే వాయిదాల మీద ఫ్రిజ్‌లు, ఫోన్లు అమ్ముడవుతాయి. సొంత పని, సహాయకుల వాటా పెరిగి జీతాల వాటా తగ్గితే, జనం జీతాలు దొరక్క చిన్న కొట్లు పెట్టుకుంటున్నారన్నమాట. మీ పక్కన ఇంకో పోటీ షాపు వస్తుందన్నమాట. కంపెనీగా నమోదు కాని చిన్న వ్యాపారాల సర్వే కూడా ఏటా వస్తుంది. 2023-24లో దేశంలో అలాంటివి 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్లు 12.06 కోట్ల మంది. కొట్టుకు సగటున ఇద్దరు కూడా లేరు!

ఇళ్ల ఖర్చుల సర్వే ఒకసారి చూసి పెట్టుకుంటే చాలు. 2022-23లో మనిషికి నెల ఖర్చు పల్లెల్లో ఆంధ్రలో 4,870, తెలంగాణలో 4,802 రూపాయలు. పట్టణాల్లో ఆంధ్రలో 6,782, తెలంగాణలో 8,158. పల్లెల్లో ఇంచుమించు సమానం, పట్టణాల్లోనే తేడా. ఆ 8,158లో హైదరాబాదు బరువు ఎంతో ఆలోచించండి. ఖమ్మంలో షాపు పెట్టేవాళ్లు ఆ అంకె మీద ధరలు నిర్ణయించుకోకూడదు.

మన బజారు గడి

ఈ గడికి నేను అరపేజీ ఇస్తాను. మిర్చి యార్డులో తేజ రకం క్వింటాలు ధర, వచ్చిన బస్తాలు. మా దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బట్టలు, బంగారం గిరాకీ దాన్ని బట్టే. వడ్ల డబ్బులు ఖాతాల్లో ఎప్పుడు పడ్డాయి, సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ పడిందా లేదా. ఉద్దెర ఎంత పెరిగింది. దసరాకు ముందు షాపులవాళ్లు అదనంగా ఎంతమందిని పెట్టుకున్నారు, వాళ్లను ఎప్పటిదాకా ఉంచారు. దీపావళి మర్నాడే పంపేస్తే ఒక లెక్క, సంక్రాంతి దాకా ఉంచితే ఇంకో లెక్క. "టు లెట్" బోర్డులు వైరా రోడ్డు మీద ఎన్ని. వీటికి వెబ్‌సైటు లేదు, నడుచుకుంటూ లెక్కపెట్టాలి.

రాష్ట్రం మొత్తం కదలకుండా ఉండి లోపల గిరాకీ ఊరు మారిపోవడం ఈ గడిలోనే తెలుస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం. కూసుమంచి, వైరా, బోనకల్లు నుంచి ఆడవాళ్లు ఖమ్మం వచ్చి కొనుక్కోవడం పెరిగింది. మా బజారులో ఫ్యాన్సీ షాపు ఖాతా పెరిగితే, వైరాలో నా ఖాతాదారు ఫ్యాన్సీ షాపు తగ్గింది. రెండూ నేనే రాశాను కాబట్టి తెలిసింది. ఆంధ్రలో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ఇదే మొదలైంది. మండల కేంద్రంలో షాపు తీయాలనుకునే అక్కడివాళ్లు మొదట బస్టాండులో నిలబడి చూడండి.

నాలుగు గడులు నిండాక వాటిని ఇలా చదువుతాను. మూడు నెలల పన్ను మొత్తం పెరిగిందా? ధరల పెరుగుదల తీసేశాక కూడా మిగిలిందా? ధరల సూచీ నెల 12న వస్తుంది, రాష్ట్రాలవారీగా ఉంటుంది. 2025 జూన్‌లో తెలంగాణలో అది సున్నా కంటే కిందికి దిగింది, కాబట్టి అలాంటప్పుడు అమ్మకం అంకె పెరగకపోయినా సరుకు కాస్త ఎక్కువే కదిలినట్టు. యువకుల కొత్త పీఎఫ్ పెరిగిందా? జీతాలవాళ్ల వాటా నిలబడిందా? మా బజారు గడి వాటితో ఏకీభవిస్తోందా? పన్ను, పేరోల్ రెండూ బాగుండి బజారు గడి బాగాలేకపోతే నేను బజారు గడినే నమ్మి ఆగమంటాను. బజారు బాగుండి రాష్ట్రం బాగాలేకపోతే, అది ఒక పంట ధర వల్లేనా అని చూసి, అద్దె ఒప్పందం మూడేళ్లకు కాకుండా పదకొండు నెలలకు రాసుకోమంటాను.

మొన్న హైదరాబాదులో ఉద్యోగం చేసే మా వీధి కుర్రాడు వచ్చాడు. మొబైల్ యాక్సెసరీల షాపు పెడతానన్నాడు. పన్నెండు పేజీలు ముందు పెట్టి, మిర్చి ధర పడిపోయిన నెలల్లో గాంధీచౌక్ మొబైల్ షాపు అమ్మకం ఎంతకు దిగిందో చూపించాను. "అద్దె అప్పుడు కూడా అంతే కదా పిన్నీ" అని తనే అన్నాడు. ఆ తర్వాత ఫోన్‌లో పన్నెండు పేజీలకూ ఫొటోలు తీసుకున్నాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రతి ఆదివారం ఖమ్మం వచ్చి ఆ షాపు ముందు గంటసేపు జనాన్ని లెక్కపెడతానని చెప్పి వెళ్లాడు.